భాగ్యనగరం బాటసారి – 23: అంకెల్లో ఉన్న అమీర్‌పేట

పోయిన వారం ఎర్రమంజిల్ మహలు దగ్గర ఆగాం. ఈ వారం అక్కణ్ణుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అమీర్‌పేట, పంజాగుట్ట, బేగంపేట మూడింటి మధ్య ఒక పాత ఆవరణ ఉంది. అందులో చెట్లు, చెట్ల మధ్య ఒక గుమ్మటం. దాని సంగతి చెప్పేముందు పాతికేళ్ల వయసున్న ఒక ఆట గురించి చెప్పాలి. ఆట పుట్టింది అమెరికాలో. చోట్లను అంకెల్లో పట్టే పని మాత్రం మన గుమ్మటం కింద అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది.

ఆట పేరు జియోకాషింగ్. ఒకరు ఎక్కడో ఒక చిన్న డబ్బా దాస్తారు. అందులో సంతకాలకు ఓ చిన్న పుస్తకం, పెన్సిలు, కాస్త చోటుంటే పిల్లలు ముచ్చటపడే చిల్లర బొమ్మలు. దాచిన చోటి అక్షాంశం, రేఖాంశం ఇంటర్నెట్‌లో పెడతారు. ఆ అంకెలు పట్టుకుని ఎవరైనా రావచ్చు, వెతకొచ్చు. దొరికితే పుస్తకంలో పేరు రాసి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టేసి పోవాలి. లోపలి వస్తువేదైనా తీసుకుంటే అంతకు తక్కువ కానిది ఇంకోటి పెట్టాలి. బహుమతి లేదు, గెలుపోటములు లేవు. హైదరాబాద్‌లోనూ ఆడేవాళ్లున్నారు. విదేశాలతో పోలిస్తే తక్కువే.

ఆట మొదలవడానికి కారణం ఒక ప్రభుత్వ నిర్ణయం. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. దాంతో మీరు నిలబడ్డ చోటికి 100 మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపినా ఆశ్చర్యపోనక్కర్లేదు. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్తీ ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. ఒక్క రాత్రిలో కొలత దాదాపు పది రెట్లు మెరుగుపడింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఓ నల్ల బకెట్ పెట్టి, అంకెలు బయటపెట్టాడు. బకెట్లో పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక వడిసెల, ఒక చిక్కుళ్ల డబ్బా. మూడు రోజుల్లోనే మైక్ టీగ్ దాన్ని పట్టేశాడు. ఆ నెలాఖరుకే మ్యాట్ స్టమ్ ఈ ఆటకు ఇప్పటి పేరు సూచించాడు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ పెట్టిన వెబ్‌సైటుతో ఆట ప్రపంచమంతా పాకింది. తినేవి పెట్టకూడదన్న నియమం తర్వాత వచ్చింది కాబట్టి ఆ చిక్కుళ్ల డబ్బా నేరం క్షమించవచ్చు. ఆ డబ్బా తర్వాత బయటపడింది, ఆటగాళ్ల చేతుల మీదుగా ఊళ్లు కూడా తిరిగింది.

ఇక మన వైపు రండి. భూమ్మీద ఒక చోటు ఎక్కడుందో అంకెల్లో చెప్పడానికి దక్కనులో పడ్డ పాట్లు చిన్నవి కావు. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల గీతను ఇనుప గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క గీతకు రెండు నెలలు పట్టింది. ఆ గీత ఆధారంగా కొండ నుంచి కొండకు, గోపురం నుంచి గోపురానికి త్రికోణాలు అల్లుకుంటూ ఉత్తరానికి వచ్చాడు. కోణాలు కొలిచే థియోడలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి అది గోడకు గుద్దుకుంది. సొట్టపడ్డ ఆ ఇత్తడి చక్రాన్ని ఆయన గుడారంలో కూర్చుని వారాల తరబడి సరిచేసుకున్నాడు. 1815లో బీదర్ దగ్గర ఇంకో గీత కొలిచాడు. ఆ తర్వాత చాలాకాలం ఆయన మకాం హైదరాబాదే. 1818లో ఆయనకు సహాయకుడిగా వచ్చిన కుర్రవాడే జార్జ్ ఎవరెస్ట్. తన పేరు పెట్టిన హిమాలయ శిఖరం కంటే ముందు ఎవరెస్ట్‌కు బాగా తెలిసొచ్చింది తెలంగాణ జ్వరం. కృష్ణా గోదావరుల మధ్య వానాకాలంలో కొలతలకని అడవుల్లోకి వెళ్లి, పరివారమంతా జ్వరాలతో పడిపోతే హైదరాబాదుకు మోసుకురావాల్సి వచ్చింది. కొందరు దారిలోనే పోయారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్ దాకా వెళ్లాడు.

ఒక డబ్బా వెతకడానికి ఫోను తీసి చూసుకునే మనకు ఈ కథలు అతిశయోక్తిలా ఉంటాయి. కాని ఆ గొలుసులూ త్రికోణాలూ చెప్పేది భూమి మీద ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న దూరం. భూగోళం మొత్తంలో మనం ఎక్కడున్నామో చెప్పాలంటే తలెత్తి నక్షత్రాలు చూడాలి, పక్కన మంచి గడియారం ఉండాలి. అలా మన గుమ్మటం దగ్గరికొచ్చాం.

దాని పేరు నిజామియా అబ్జర్వేటరీ. పైగా వంశానికి చెందిన నవాబు జఫర్ జంగ్‌కు నక్షత్రాల పిచ్చి. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, 1901లో నగరానికి దక్షిణాన ఫిసల్‌బండలో తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పాడు. దానికి నిజాం పేరు పెట్టుకోవడానికీ, తన తర్వాత ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకోవడానికీ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతి ముందే సంపాదించాడు. దూరాలోచన మంచిదే అయింది. 1907లో నవాబు పోయాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం తీసుకుంది. మొదటి డైరెక్టరుగా వచ్చిన ఆర్థర్ చాట్‌వుడ్ వేధశాలను ఊరికి దూరంగా బేగంపేటకు మార్పించాడు. ఊరికి దూరంగా అన్న మాట ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది కానీ, అప్పటికి అమీర్‌పేట చుట్టుపక్కల రాత్రిపూట వెలిగేవి నక్షత్రాలే.

అప్పటికే 1887లో పారిస్‌లో ఖగోళశాస్త్రజ్ఞులు చేరి, ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి నక్షత్రాల స్థానాలన్నీ పట్టిక వేయాలని తీర్మానించుకున్నారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ప్రపంచంలోని వేధశాలలకు తలా ఒకటి పంచారు. చిలీలోని శాంటియాగోకు వచ్చిన పట్టీ పని సాగలేదు. ఖగోళ భూమధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆ భాగం హైదరాబాదు నెత్తిన పడింది. ఆ తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగం కూడా. అంటే పెద్ద దేశాల వేధశాలలు పూర్తిచేయలేని పని బేగంపేటలో పూర్తయింది. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన రాబర్ట్ పోకాక్ 1914లో దీన్ని ఊపందుకునేలా చేశాడు. 1918లో ఆయన చనిపోయాక ఆ బాధ్యత టి.పి. భాస్కరన్ తీసుకుని 1944 దాకా వేధశాలను నడిపించాడు. 1919 నుంచి అది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగం.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం దగ్గర్నుంచి చూడాలి. రాత్రి 8 అంగుళాల కెమెరా దూరదర్శినిని ఆకాశంలో ఒక చోటికి గురిపెట్టి గాజుపలక మీద ఫొటో తీస్తారు. ఒక్కో పలకలో పట్టేది రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఆకాశం. దాని మీదే 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున సన్నటి గళ్ల గీతలు కూడా ముద్రిస్తారు, లెక్కల క్లాసులోని గ్రాఫు కాగితంలా. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం. పగలు ఉద్యోగి సూక్ష్మదర్శిని కింద ఆ పలకను పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో నల్ల చుక్క ఎడమ గీత నుంచి ఎంత దూరంలో ఉంది, కింది గీత నుంచి ఎంత పైన ఉంది అని కొలిచి రాసుకుంటాడు. చుక్క నక్షత్రమా, గాజు మీది మచ్చా అన్నది కన్ను తేల్చాలి. తర్వాత ఇంకో చుక్క. అలా ఏళ్ల తరబడి. 7 లక్షల 63 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు 12 సంపుటాల్లో అచ్చయ్యాయి. భారత ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయిన వేణు బప్పు తండ్రి ఉద్యోగం చేసింది ఈ వేధశాలలోనే. ఆ పిల్లవాడు పెరిగింది ఈ గుమ్మటం నీడలో.

ఇక గడియారం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక రేఖాంశంలో ఒక డిగ్రీ తేడా అంటే నాలుగు నిమిషాల తేడా. హైదరాబాదు సొంత కాలం గ్రీన్విచ్ కంటే దాదాపు 5 గంటల 14 నిమిషాలు ముందు, మనం చేతికి కట్టుకునే భారత ప్రామాణిక కాలం కంటే 16 నిమిషాలు వెనక. ఒక నక్షత్రం నడినెత్తి గీతను దాటే క్షణాన్ని ఒక్క సెకను తప్పుగా రాసుకుంటే, మన అక్షాంశం దగ్గర 440 మీటర్లు పక్కకు జరిగిపోతాం. రెండు సెకన్లు తప్పితే అమీర్‌పేట మెట్రో కింద నిలబడ్డవాడు లెక్కలో బేగంపేట వైపు చాలా దూరం పోయి తేలతాడు. జీపీఎస్ కూడా ఇదే పని మరో దారిన చేస్తుంది. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి. సంకేతం బయల్దేరిన వేళకూ చేరిన వేళకూ తేడా చూసి ఫోను దూరం లెక్కేసుకుంటుంది. అక్కడ సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు గల్లంతు.

ఆ గడియారాలను సరిచూసే కాలం అమెరికా నౌకాదళ వేధశాలది. అదే వేధశాలలో 1990లలో కొందరు కూర్చుని హైదరాబాదుతో సహా అన్ని పట్టీల పాత సంపుటాలను మళ్లీ లెక్కగట్టారు. ఆ పాత స్థానాలను హిప్పార్కస్ ఉపగ్రహం తీసిన కొత్త స్థానాలతో పోల్చి, ఏ నక్షత్రం ఎటు ఎంత కదిలిందో తేల్చిన టైకో-2 పట్టిక 25 లక్షలకు పైగా నక్షత్రాలతో 2000లో వచ్చింది. అల్మర్ బకెట్ దాచిన ఏడే. డబ్బా ఆటకూ మన గాజుపలకలకూ నేరుగా బంధుత్వం కలపను, అది అబద్ధమవుతుంది. రెండింటి లెక్కలూ ఒకే ఇంటి గుమ్మం తొక్కాయన్నది మాత్రం నిజం.

ఇప్పుడు అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి ఫోను తెరవండి. 17 డిగ్రీల 26 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 27 నిమిషాల తూర్పు దరిదాపుల్లో చూపిస్తుంది. ఆటగాళ్లు నిమిషం తర్వాత మూడు దశాంశాలు రాస్తారు. అక్షాంశంలో చివరి అంకె ఒకటి మారితే దాదాపు రెండు మీటర్లు. ఈ అంకె ఆరుబయట మైదానంలో బాగానే నిలుస్తుంది. ఇక్కడ నిలవదు. నెత్తి మీద మెట్రో వంతెన, అటూ ఇటూ అద్దాల భవనాలు. ఉపగ్రహ సంకేతం నేరుగా రాకుండా గోడకు తగిలి, అద్దానికి తగిలి చుట్టుతిరిగి వస్తుంది. ఫోను దాన్నే నమ్మి మిమ్మల్ని రోడ్డుకు అవతలి పక్క నిలబెడుతుంది. కాబట్టి దాచేవారు ఒకసారి చూసి అంకె రాసేసుకోకూడదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చూసి సగటు తీయాలి. అంతకంటే మంచిది, ఆకాశం బాగా కనబడే చోటు ఎంచుకోవడం. ప్రధాన రోడ్డు వదిలేసి లోపలి వీధుల్లోకి వెళితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

వెతికేవారికీ ఇదే సలహా. ఫోనులో దారి చూపే బాణం దూరం సున్నా అనగానే అక్కడే ఉందనుకోవద్దు. కొంచెం దూరం పోయి వేరే దిక్కు నుంచి మళ్లీ రండి. రెండు మూడు వైపుల నుంచి వచ్చినప్పుడు బాణం ఎటు చూపిందో గుర్తుపెట్టుకుంటే ఆ దారులు కలిసే చోట వెతకొచ్చు. ఆ తర్వాత ఫోను జేబులో పెట్టేయడమే మేలు. ఇక పని కన్నుది. వాడని పైపుకు కొత్త మూత, ఒక్కటే వదులుగా ఉన్న ఇటుక, పనికిరాని చోట బిగించిన బోల్టు, ఇలాంటి పొంతన లేనిది ఏదో ఒకటి ఉంటుంది. చేయి పెట్టేముందు పుల్లతో కదిపి చూడండి, తేళ్లకు మన ఆట తెలియదు.

దాచినవారు ఇచ్చే ఆచూకీ వాక్యం చదవడం మర్చిపోవద్దు. మన ఊరివాళ్లకు అది రాయడం పుట్టుకతో వచ్చిన విద్య. హైదరాబాదులో ఇంటి నంబరు చెప్పి ఇల్లు చేరినవాడు ఎవడు? ఎదురుగా, పక్క గల్లీ, వెనకాల, మలుపులో అంటేనే ఆటో కదులుతుంది. అమీర్‌పేటలో సత్యం థియేటర్ కూల్చేసి ఆ స్థలంలో 2023లో కొత్త మల్టీప్లెక్స్ తెరిచినా, దారి చెప్పేటప్పుడు సత్యం థియేటర్ ఇంకా నిలబడే ఉంది. అయితే ఆచూకీకి అలాంటి గుర్తును వాడకండి. ఊరికి కొత్తవాడు లేని థియేటర్ కోసం తిరుగుతాడు.

ఇక అసలు చిక్కు. విదేశీ పుస్తకాల్లో సలహా ఇలా ఉంటుంది: ఎవరి కంటా పడకుండా వెతకండి. అమీర్‌పేటలో అది కుదిరే పనేనా? మైత్రీవనం దగ్గర ఫోను చూస్తూ నిలబడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోరు, అక్కడందరూ చేసేదే అది. అదే మనిషి వంగి కరెంటు స్తంభం వెనక తడిమితే అర నిమిషంలో ముగ్గురు చేరతారు.

"ఏం పడిపోయింది తమ్మీ?"

"ఏం లేదన్నా, చిన్న డబ్బా..."

"బంగారమా ఏంది?"

ఇక్కణ్ణుంచి అబద్ధమాడటం మొదలుపెడితే వ్యవహారం పోలీసుల దాకా పోతుంది. ఆట అని చెప్పేయడమే మంచిది. చెబితే వాళ్లు కూడా వెతుకుతారు. ఆట మజా పోతుందేమో కానీ డబ్బా దొరుకుతుంది.

పోలీసుల మాట ఊరికే అనలేదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. ఆ తర్వాత ఈ నగరంలో దిక్కులేకుండా పడున్న టిఫిను డబ్బాను చూసి మామూలుగా దాటిపోయేవారు తక్కువ. పోకూడదు కూడా. కనుక స్టీలు డబ్బా, వైరు, టేపు చుట్టిన పొట్లం వంటివి దాచే ఆలోచనే చేయొద్దు. లోపలిది బయటికి కనబడే చిన్న ప్లాస్టిక్ డబ్బా వాడండి. మీద ఇది ఆట వస్తువు అని తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిషులో రాయండి. మెట్రో స్తంభాలు, స్టేషను మెట్లు, ఫ్లైఓవరు కింది భాగం, నిమ్స్ ఆసుపత్రి ఆవరణ, బల్కంపేట ఎల్లమ్మ గుడి పరిసరాలు, పోలీసు స్టేషను గోడ, ఇవన్నీ వదిలేయాలి. అయస్కాంతంతో మెట్రో రెయిలింగుకు అతికించడం తెలివనుకునేవారు ఆ తెలివి వేరే నగరంలో చూపించుకోవచ్చు.

మరి ఎక్కడ దాచాలి? అనుమతి ఉన్న చోట. ఆట నియమాల్లోనూ ఆ మాట ఉంది, పాటించేవారు తక్కువ. మన దగ్గర పాటిస్తేనే డబ్బా బతుకుతుంది. పాత పుస్తకాలమ్మే ఆయన, జిరాక్సు షాపు యజమాని, టీ కొట్టు అన్న ఒప్పుకుంటే చాలు. ఆయనే కాపలాదారు. కోచింగ్ సెంటర్ల కరపత్రాలతో నిండిన గోడను చూస్తే దాచడానికి భలే చోటనిపిస్తుంది. కాని ఆ గోడ మీద ఇవాళ్టి కాగితం రేపటికి ఉండదు, డబ్బా కూడా ఉండదు. ఇంకొక డబ్బాకు 161 మీటర్ల లోపల పెట్టకూడదన్న నియమం కూడా చూసుకోండి. వానాకాలం దృష్టిలో పెట్టుకుని సంతకాల కాగితాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పెన్నుకు బదులు పెన్సిలు ఉంచండి. తడిస్తే సిరా పోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది. ఏడాదికి రెండుసార్లయినా పోయి చూసుకునే ఓపిక లేకపోతే దాచనే వద్దు.

స్థలం యజమాని అనుమతి లేకుండా భూమిలో పాతిపెట్టడం ఆటలో నిషిద్ధం. మన దగ్గర దానికి ఇంకో కోణం ఉంది. గుప్తనిధుల కోసం కోటలూ గుళ్లూ తవ్వి పట్టుబడ్డవారి వార్తలు చదువుతూనే ఉంటాం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయల లెక్క బ్రిటిషు కాలానిది. పార పట్టుకుని తిరిగేవాడి మాట మాత్రం ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఇంకొకటి: చేతి జీపీఎస్ యంత్రం వేరు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే యంత్రం వేరు. రెండోది మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోకూడదు, దానితో విమానాశ్రయాల్లో పట్టుబడ్డ విదేశీయులున్నారు. ఫోను చాలు. పటాల విషయంలో మాత్రం 2021 ఫిబ్రవరి 15న కేంద్రం పాత ఆంక్షలు చాలావరకు సడలించింది.

డబ్బా లేకుండానూ ఆడొచ్చు. చోటికి వెళ్లి, అక్కడ చూస్తే తప్ప తెలియని జవాబు పట్టుకురావాలి. వారసత్వ కట్టడాలకు ఇదే తగిన పద్ధతని నా అభిప్రాయం. నిజామియా ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఉంది. నగరపు వెలుగులు పెరిగాక నక్షత్రాల పని 1960లలోనే ఊరికి దూరంగా రంగాపూర్‌కు తరలింది. గేటు దగ్గర అడిగి, అనుమతి దొరికితేనే లోపలికి వెళ్లాలి. ప్రశ్నగా గుమ్మటం కిటికీ తెరుచుకునే దిక్కు అడగొచ్చు, గోడ మీద ఏముందో అడగొచ్చు. నేనైతే అడిగేది ఒకటే: ఇక్కణ్ణుంచి మెట్రో వంతెన కనబడుతుందా లేదా?

వచ్చే వారం బేగంపేట రన్‌వే.